ఒకే తప్పుకు రెండు శిక్షలా?

మద్యం సేవించి వాహనం నడిపేవారిని మేము సమర్థించము. చట్టం వారిని శిక్షించవలసిందే. కాని చలానా చెల్లించిన తప్పుకే బీమా పునరుద్ధరణ సమయాన మరల వసూలు చేయుట ఏ న్యాయం?

2021 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ నియమించిన బృందం "ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం" విధించాలని సిఫారసు చేసింది. తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పు చోట నిలిపితే 10. 2024 సెప్టెంబరులో ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నరు ఇదే కోరుతూ కేంద్ర ఆర్థిక మంత్రికి లేఖ వ్రాశారు.

ఆ సిఫారసు ప్రకారం భారం నడిపినవానిపై కాదు, రిజిస్టరయిన యజమానిపై! తమ్ముడు చేసిన తప్పుకు, రాత్రి డ్యూటీ దిగి నిద్రిస్తున్న రైల్వే కార్మికుడు చెల్లించాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం క్రింద థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కొనక తప్పనిదానిపై అదనపు భారం మోపడం సంస్కరణ కాదు, దొడ్డిదారి పన్ను.

ధనికునికిది చిల్లర. సైకిలు విడిచి అప్పుచేసి మోపెడ్ కొన్న పోస్ట్‌మన్‌కు ఇది నెల బడ్జెట్‌పై దెబ్బ. భరించలేనివాడు బీమాయే మానివేస్తే, రేపు ప్రమాదంలో కాలు విరిగిన బాటసారికి పరిహారం ఇచ్చేదెవరు?

కార్మిక సోదరులారా! ఈ సిఫారసు ఏ రూపంలో వచ్చినా ప్రతిఘటిద్దాం. నేరం చేసినవానికే శిక్ష, ఒక్క నేరానికి ఒక్కటే శిక్ష: ఇదే మన కోరిక. ప్రతి శాఖా తీర్మానం చేయాలి.