తుఫాను కోస్తాకే అనుకోవద్దు

తుఫాను జాగ్రత్తలు చెబితే డోన్ రైతులు "అది కోస్తా వాళ్ల బాధ సార్, మాకు నాలుగు చినుకులు పడితే చాలు" అంటారు. కరువు నేలలో ఆ మాట సహజమే. కానీ 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. 2021 నవంబర్ 19న చెన్నై దగ్గర వాయుగుండం తీరం దాటితే, కడప జిల్లా రాజంపేట వైపు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. చెయ్యేరు ఒడ్డు ఊళ్లలో ఇళ్లు, పశువులు కొట్టుకుపోయాయి.

డోన్ పక్కన అంత పెద్ద నది లేదు. మనకు దెబ్బ చేలోనే తగులుతుంది. వేరుశనగ పీకే అక్టోబర్, నవంబర్ నెలల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. వర్ష సూచన ఉంటే పీకడం రెండు రోజులు ఆపండి. ఇప్పటికే పీకి ఉంటే మెరక మీద కుప్ప వేసి పట్ట కప్పండి. ఎండ రాగానే పట్ట తీయాలి, లోపల ఆవిరి పట్టినా బూజే. బూజు పట్టిన కాయలో అఫ్లటాక్సిన్ విషం చేరుతుంది, పశువులకూ పెట్టొద్దు.

ఫసల్ బీమా చేయించి ఉంటే, పీకి చేలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు తుఫాను, అకాల వర్షాల నుంచి రక్షణ ఉంటుంది. తడిసిన 72 గంటల్లోపు 14447కు ఫోన్ చేయాలి. "అధికారులు వస్తారులే" అని కూర్చుని గడువు దాటించుకున్నవాళ్లను చూశాను. ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి.

పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, బీమా రసీదు ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద ఉంచండి. కొట్టం వంక పక్కనే ఉంటే, హెచ్చరిక ఉన్న రాత్రి పశువులను అక్కడ కట్టొద్దు. నీళ్లు వచ్చాక చీకట్లో పలుపు ముడి విప్పడం అయ్యే పని కాదు.