ఫోన్లో వినపడని బేస్

డబుల్ బేస్ కొనాలనుకునేవాళ్ళకి మొదటి చిక్కు షాపులో రాదు, చేతిలో ఉన్న ఫోన్లోనే వస్తుంది. ఆ వాయిద్యంలో అన్నిటికంటే కింది తీగ సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంటే 41 హెర్ట్జ్. ఫోన్లో ఉండే చిటికెడంత స్పీకర్ అంత లోతుకి దిగలేదు. మనకి వినపడేది ఆ స్వరం కాదు, దాని మీద పుట్టే హార్మోనిక్స్. వాటిని పట్టుకుని అసలు స్వరాన్ని మన మెదడే ఊహించేసుకుంటుంది. కాబట్టి రీల్ చూసి "ఈ బేస్ సౌండ్ భలే ఉంది, ఇదే కొందాం" అనుకుంటే, ఫొటో చూసి చేపల పులుసు రుచి చెప్పినట్టే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే కొంత నయం. మద్రాసు స్టూడియోల్లో ఆర్కెస్ట్రా మొత్తం ఒకేసారి కూర్చుని వాయించిన రోజుల పాటలు అలా ఒకసారి వినండి. పాట కింద ఎవరో మెత్తగా అడుగులేస్తున్నట్టు 'దుమ్ దుమ్' అని వినపడుతుంది చూడండి, నిలువు బేస్ అంటే అదే.

ఈ సంగతి ఈ వారం ఎందుకొచ్చిందంటే, వింజమూరు పిలకాయ ఒకడు వాట్సాప్‌లో రెండు లింకులు పంపాడు. కాలేజీ బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాడు. ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, ఇంటి నుంచే పని. "అన్నా, ఈ రెండిట్లో ఏది తీసుకోమంటావు?" అన్నాడు. ఒకటి ప్లైవుడ్ బేస్. ఇంకోటి దానికంటే కాస్త ఎక్కువ రేటు, 'మొత్తం చేత్తో చెక్కింది' అని రాసుంది, తళతళా మెరుస్తోంది. వాడి మూడు నాలుగు నెలల జీతం సంగతి కాబట్టి తేలిగ్గా చెప్పేసేది కాదు. వాడికి పంపిన జవాబునే ఇంకాస్త సాగదీసి ఇక్కడ పెడుతున్నా.

(వింజమూరు అనగానే వింజమూరి అనసూయ, సీత సోదరీమణులు గుర్తొస్తే తప్పు లేదు. జానపద పాటని రేడియో దాకా తెచ్చినవాళ్ళు. కాకపోతే అది ఇంటిపేరు, అనసూయ గారు పుట్టింది కాకినాడలో.)

ముందు బేస్ గిటార్ వచ్చినవాళ్ళకి ఒక మాట. మోహినీ డే వేళ్ళు చూసి ఈ దారి పట్టినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆమె వాయించేది ఎలక్ట్రిక్ బేస్ గిటార్. రెండిటికీ తీగలు అవే, ఇ, ఎ, డి, జి. స్వరాలూ అవే. కానీ బేస్ గిటార్‌లో తీగ వాయించే పొడవు మామూలుగా 34 అంగుళాలు, నిలువు బేస్‌లో 41, 42 అంగుళాలు. పైగా ఫ్రెట్లు లేవు. వేలు ఒక గోరంత జరిగితే శ్రుతి తప్పుతుంది. తీగలు లావు, వాటి బిగువు చాలా ఎక్కువ. అందుకే కింది స్థానాల్లో నాలుగు వేళ్ళూ విడివిడిగా వాడరు. చూపుడు, మధ్య, చిటికెన వేళ్ళతో నొక్కుతారు, ఉంగరం వేలు చిటికెన వేలికి బలం ఇస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాంజ్ సిమాండ్ల్ రాసిన పాఠాల పద్ధతి ఇది. ఇప్పటికీ చాలా చోట్ల దీంతోనే మొదలు పెడతారు.

సైజు దగ్గర ఇంకో తికమక. వయొలిన్‌లో ముప్పావు సైజు అంటే పిల్లలది. డబుల్ బేస్‌లో అలా కాదు. ఆరడుగుల మనిషి కూడా వాయించేది ముప్పావు సైజే, ప్రపంచమంతా పెద్దవాళ్ళకి అదే మామూలు సైజు. 'నాకు ఫుల్ సైజు కావాలి' అని పట్టుబట్టి తెప్పించుకుంటే చెయ్యి అందక అవస్థ పడాలి.

ఇక చెక్క. డబుల్ బేసులు మూడు రకాలు. మొత్తం ప్లైవుడ్‌తో చేసినవి, పైపలక మాత్రం చెక్కి మిగతాది ప్లైవుడ్ పెట్టినవి, మొత్తం చెక్కినవి. చెక్కేవాటికి పైపలక స్ప్రూస్, వెనకపలక, పక్కలు మేపుల్. మంచి పనివాడు చెక్కిన బేస్ గొంతే వేరు, దానికి వంక పెట్టలేం. కానీ అది చల్లటి దేశాల చెక్క. దాన్ని తెచ్చి మన మెట్టలో పెడితే ఏమవుతుంది?

వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు మే నెల ఎట్టుంటుందో తెలిసిందే. 40 దాటిన ఎండ, ఒంట్లో తడి పీల్చేసే గాలి. ఆరు నెలలు తిరిగేసరికి ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, గోడలు చెమర్చే తేమ. వానల్లో మన ఇంటి తలుపు బిగుసుకుపోయి భుజం పెట్టి తొయ్యాల్సి వస్తుంది కదా, ఎండాకాలం అదే తలుపు సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. తలుపు మందం కాబట్టి తట్టుకుంటుంది. బేస్ పైపలక మందం కొద్ది మిల్లీమీటర్లే. సరిగ్గా ఆరని చెక్కతో హడావిడిగా చేసిన చవక చెక్కుడు బేస్ మన ఒక్క వేసవికే పగులు చూపించొచ్చు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ళని అడిగినా ఇదే చెప్తారు. దుర్గం కొండల నర్ది, బిక్కి లాంటి కర్రలతో తరాలుగా పని చేస్తున్నవాళ్ళు వాళ్ళు. పచ్చి కర్ర మీద ఎంత నగిషీ చెక్కినా ఏం లాభం.

ప్లైవుడ్‌కి ఈ బాధ తక్కువ. పొరల్ని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అతికిస్తారు కాబట్టి ఒకటి సాగాలన్నా రెండోది సాగనివ్వదు. గొంతు కాస్త మొద్దుగా ఉంటుంది, కమాను పట్టినప్పుడు ఆ తేడా ఎక్కువ తెలుస్తుంది. కానీ మీటి వాయించడానికి హాయిగా సరిపోతుంది. 'ప్లైవుడ్' అనగానే సోఫా సెట్ గుర్తొచ్చి మొహం చిట్లించక్కర్లేదు. అమెరికాలో కే కంపెనీ 1937 నుంచి ప్లైవుడ్ బేసులు చేసింది, స్కూళ్ళకీ బ్యాండ్లకీ వేలల్లో వెళ్ళాయి. వాటిలో మిగిలినవాటిని ఇప్పటికీ వెతికి మరీ కొనుక్కుంటున్నారు. కాబట్టి వాడికి నా జవాబు ప్లైవుడ్డే. అనుమానం లేదు.

అయితే జవాబు అక్కడితో అయిపోతే ఇంత రాయక్కర్లేదు. అసలు సంగతి చెక్క కాదు, సెటప్. నిలువు బేస్ డబ్బాలోంచి తీసి వెంటనే వాయించేది కాదు. బ్రిడ్జి పాదాలు పైపలక వంపుకి సరిగ్గా అతికేలా అరగదియ్యాలి. తీగల ఎత్తు తగ్గించాలి. లోపల సౌండ్ పోస్ట్ అని ఒక చిన్న కర్ర నిలబడి ఉంటుంది, పైపలక కంపనాన్ని వెనకపలకకి అందించేది అదే. ఇటాలియన్‌లో దాన్ని 'ఆనిమా' అంటారు, ప్రాణం అని అర్థం. జిగురు ఉండదు, కేవలం బిగువు మీద నిలబడుతుంది. అందుకే నాలుగు తీగలూ ఒకేసారి విప్పకూడదు, ప్రాణం పడిపోతుంది. ఒకటి మార్చి, బిగించి, తర్వాతే రెండోది.

తీగల ఎత్తు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, చాలామంది ఈ వాయిద్యం వదిలేసేది ఇక్కడే. ఫింగర్‌బోర్డు చివర తీగకీ బోర్డుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలు పెట్టి కొలవండి. మీటి వాయించే కొత్తవాళ్ళకి జి తీగ కింద 5, 6 మిల్లీమీటర్లు, ఇ తీగ కింద 8, 9 మిల్లీమీటర్లు ఉంటే చెయ్యి బతుకుతుంది. కమానుతో వాయించాలంటే ఇంకాస్త ఎత్తు కావాలి. పైన నట్ దగ్గర తీగ కింద ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. సెటప్ లేకుండా వచ్చినవాటిలో ఈ కొలతలు ఒకటిన్నర రెట్లు కూడా ఉండొచ్చు. అలాంటి బేస్ మీద వారం రోజులు నొక్కితే వేళ్ళు బొబ్బలెక్కుతాయి, మణికట్టు లాగుతుంది. అప్పుడు ఎవడైనా ఏమనుకుంటాడు? 'నాకు రాదులే, నా చేతులకి అంత బలం లేదు' అనుకుంటాడు. బేస్ మంచం పక్కన మూలకి చేరుతుంది, దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారు. తీగ ఎత్తుగా ఉందన్న మాట వాడికి చెప్పేవాళ్ళు ఉండరు. గిటార్ నేర్పేవాళ్ళు ప్రతి ఊళ్ళో దొరుకుతారు. ఈ వాయిద్యం తెలిసినవాళ్ళు జిల్లాకి ఒకరు దొరికినా గొప్పే.

అందుకని కొనే వరస తిప్పి పెట్టుకోండి. ముందు సెటప్ చేసే మనిషి, తర్వాత నేర్పే మనిషి, ఆ తర్వాత బేస్. వింజమూరు నుంచి చూస్తే ఈ ముగ్గురికీ చెన్నై దగ్గర, నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు. 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ మౌంట్ రోడ్డులోనే ఉంది. రెహమాన్ 2008లో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీలో పాశ్చాత్య సంగీతం నేర్పుతారు. ఇలాంటి చోట్లకి ముందే ఫోన్ చేసి, 'డబుల్ బేస్‌కి బ్రిడ్జి, సౌండ్ పోస్ట్ సర్దేవాళ్ళు ఎవరు?' అని అడగండి. 'బేస్ ఉందా?' అన్నది రెండో ప్రశ్న. వయొలిన్ రిపేరు చేసేవాళ్ళలో కొందరు ఈ పని కూడా చేస్తారు. చేతిలో ఉన్న డబ్బులో ఐదో వంతు దీనికీ తీగలకీ పక్కన పెట్టండి. ఒక మంచి స్టీలు తీగల సెట్టు ధరకి మామూలు అకౌస్టిక్ గిటార్ వస్తుంది, అది తెలియక బడ్జెట్ మొత్తం చెక్క మీద పెట్టేస్తారు. బ్రిడ్జి కాళ్ళలో తిప్పే చక్రాలు పెట్టించుకోవడం మాత్రం మర్చిపోవద్దు. ఎండకీ వానకీ తీగల ఎత్తు మారినప్పుడు మళ్ళీ చెన్నై దాకా పోకుండా ఇంట్లోనే సర్దుకోవచ్చు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు మెరుపుని పట్టించుకోవద్దు. ఫింగర్‌బోర్డు అసలు ఎబొనీయా, తెల్ల చెక్కకి నల్లరంగు వేశారా అని పక్క అంచున చూడండి. రంగు వేసిన మెత్తటి చెక్క మీద స్టీలు తీగలు కొన్నాళ్ళకే గాడి పెట్టేస్తాయి. మెడ, ఒళ్ళు కలిసే చోట సన్నటి పగులు ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి, అన్నిటికంటే ఖరీదైన రిపేరు అది. అంచుల చుట్టూ వేలి కణుపుతో తడుతూ వెళ్ళండి. ఎక్కడైనా గలగలమంటే అతుకు విడిందన్నమాట. దానికి మాత్రం భయపడక్కర్లేదు. చెక్కుడు బేసుల్లో ఆ జిగురు కావాలనే కాస్త బలహీనంగా పెడతారు, చెక్క పగిలే బదులు అతుకు విడిపోవాలని. తెలిసినవాళ్ళు మళ్ళీ అతికిస్తారు. ఇంట్లో ఉంది కదా అని ఫెవికాల్ పూస్తే మాత్రం ఈసారి పగిలేది పలకే.

బెంగళూరు, హైదరాబాద్ పీజీల్లో ఉండేవాళ్ళు 'యమహా సైలెంట్ బేస్ లాంటి ఎలక్ట్రిక్‌వి తీసుకోవచ్చా?' అని అడుగుతారు. పక్క గదివాళ్ళతో గొడవ ఉండదు, మోసుకెళ్ళడం తేలిక. కానీ చవక కాదు. గాలిని కదిలించే పెద్ద ఒళ్ళు లేదు కాబట్టి ఆ దడ ఛాతీకి తెలియదు. నాకైతే ఆ దడ లేకపోతే బేస్ వాయించినట్టే ఉండదు. వింజమూరులో సొంతిల్లు, పైన మేడ ఉన్నవాడికి దాని అవసరం అసలే లేదు.

కమాను విషయంలో ఫ్రెంచ్, జర్మన్ అని రెండు పట్లు ఉన్నాయి. ఒకటి పైనుంచి, ఇంకోటి కిందనుంచి పట్టుకోవాలి. నేర్పేవాళ్ళు ఏది పడితే అదే కొనండి, దీని మీద వీడియోలు చూస్తూ రాత్రుళ్ళు పాడు చేసుకోవద్దు.

తెచ్చుకోవడం చిన్న పని కాదు. దాదాపు ఆరడుగుల ఎత్తు. పల్లెవెలుగు బస్సు ఆలోచన మానేసి, వెనక సీట్లు మడిచే కారు మాట్లాడుకోండి. మెడ ముందు సీట్ల మధ్యకి రావాలి, బ్రిడ్జి వైపు పైకి ఉండాలి, బరువు దాని మీద పడకూడదు. ఆత్మకూరు మీదుగా వచ్చినా, కలిగిరి మీదుగా వచ్చినా, దారిలో టీకి ఆగితే అద్దాలు మూసి ఎండలో వదిలేయొద్దు. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. ఇంటికి చేరాక బ్యాగు జిప్పు తీసి ఒక పూట అలాగే వదిలేయండి, మన గాలికి అలవాటు పడాలి. ఈలోపు వీధిలో పిలకాయలు మూగి "ఏంది అన్నా ఇది, ఇంత పెద్ద వయొలినా?" అంటారు. ఇ తీగ ఒక్కసారి మీటి, వాళ్ళ చెయ్యి వెనకపలక మీద పెట్టించండి.