ఆ బల్ల ఎవరిది?

పోయిన సంక్రాంతికి మా వెలిగండ్ల వెళ్ళాను. కనిగిరి నుంచి వచ్చే బస్సు దిగేసరికి రాత్రి ఎనిమిదయింది. టీకొట్టు బల్లమీద నలుగురు మగవాళ్ళు కాళ్ళు చాపుకుని రాజకీయాలు మాట్లాడుతున్నారు. ఇంటినుంచి మనిషి వచ్చేదాకా కూర్చుందామని ఆ బల్ల చివర నేనూ చతికిలబడ్డాను. అంతే! మాటలు ఆగిపోయాయి. ఒకాయన లేచి నిలబడ్డాడు. టీకొట్టతను కంగారుగా, "లోపల కుర్చీ వేస్తానమ్మా, రోడ్డుమీద ఎందుకు?" అన్నాడు. మర్యాదే, కాదనను. కానీ ఆ మర్యాదకి అర్థమేమిటో మనందరికీ తెలుసు. పొద్దుగూకాక ఆ బల్ల మనది కాదు.

ఇంటికెళ్ళి ఈ సంగతి చెబుతుంటే ఒక కుర్రాడు పకపకా నవ్వాడు. ఎవరి కొడుకో అడక్కండి. నన్ను అత్తా అంటాడు, ఊళ్ళో సగంమంది నన్ను అత్తా అనేవాళ్ళే. హైదరాబాదులో ఉద్యోగం. అందరూ లేచి వెళ్ళాక నా పక్కన చేరి, "నీకు బల్ల దొరకలేదు, నాకు తలుపే తియ్యలేదత్తా" అన్నాడు.

ఒక శనివారం రాత్రి తనూ, ఇంకో అబ్బాయీ పబ్బుకి వెళ్ళారట. గుమ్మం దగ్గర "జంటలకే ప్రవేశం" అన్నారట. "మేమూ జంటేనండీ" అన్నాడట రెండో అబ్బాయి. తలుపు దగ్గరవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారట. ఆ నవ్వు గురించి చెప్పేటప్పుడు మాత్రం మావాడు నవ్వలేదు. నా చేతిలో అరిసె చేతిలోనే వుండిపోయింది.

"ఇదేం చోద్యమమ్మా, తాగుడికి హక్కులా?" అంటారు మీరు. తాగుడి విషయంలో నేను దూబగుంట ఆడవాళ్ళ పక్షం. మా పక్కనున్న నెల్లూరు జిల్లాలో 1992లో వాళ్ళు సారా కొట్టు మీదికి నడిచారు గనుకనే 1993లో సారా, 1995లో మొత్తం మద్యం ఆగాయి. 1997లో మళ్ళీ తలుపులు తీశారనుకోండి, అది వేరే ఏడుపు. రేపు పబ్బులన్నీ మూసేస్తే కొబ్బరికాయ కొట్టేవాళ్ళలో నేనూ వుంటాను. మూస్తే అందరికీ మూయండి. తెరిచినప్పుడు మాత్రం గుమ్మంలో నిలబడి ఆడెంతమంది, మగెంతమంది అని లెక్కపెట్టడమేమిటి?

ఒంటరి మగవాళ్ళు ఆడపిల్లల్ని అల్లరి పెడతారని ఆ నియమం పెట్టామంటారు. అల్లరి పెట్టినవాణ్ణి మెడపట్టి గెంటండి, నేనూ ఒక చెయ్యి వేస్తాను. ఆడపిల్ల వంక కన్నెత్తి చూసే అవసరమే లేని ఈ ఇద్దర్నీ ఆపి ఏ ఆడపిల్లని కాపాడారు?

1860నాటి శిక్షాస్మృతిలో ఇంగ్లీషువాడు రాసిపెట్టిన 377 సెక్షను ఇలాంటివాళ్ళని నేరస్థులంది. ఇష్టపడి కలిసి వుండే పెద్దవాళ్ళకి అది వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చి చెప్పింది. 2023 అక్టోబరులో పెళ్ళి హక్కు మాత్రం ఇవ్వలేదు. అడిగినవాళ్ళలో హైదరాబాదు జంట కూడా వుంది. సరే, పెళ్ళి సంగతి కోర్టులు చూసుకుంటాయి. పక్కపక్కన కూర్చుని నిమ్మకాయ సోడా తాగడానికి కూడా తీర్పు కావాలా?

న్యూయార్కులో 1969 జూన్‌లో స్టోన్‌వాల్ అనే బారు మీద పోలీసులు దాడిచేస్తే ఇలాంటివాళ్ళే ఎదురు తిరిగారు. 2016లో ఆ చోటుని అమెరికా ప్రభుత్వం జాతీయ స్మారకంగా ప్రకటించింది. మందుకొట్టుకి స్మారకమేమిటని నేనూ ముక్కున వేలేసుకున్నాను. తలదాచుకోవడానికి వాళ్ళకి వేరే అరుగు లేకపోయింది మరి!

మనకి మాత్రం కొత్తా? స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగస్థలం మీదికొస్తే జనం తెల్లవార్లూ కళ్ళప్పగించి చూశారు, 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అదే మన వీధిలో కుర్రాడు కాస్త సుకుమారంగా నడిస్తే "ఆడంగి వెధవ" అంటాం. చేతకానివాణ్ణి "గాజులు తొడుక్కో" అంటాం. గాజులు తొడుక్కున్న మనమే అంటాం! ఆ తిట్టు ఎవరికి తగిలిందో ఎప్పుడైనా ఆలోచించారా?

మావాడికి వాళ్ళమ్మ అప్పుడే రెండు సంబంధాలు చూసింది, ఒకటి మార్కాపురం, ఒకటి గిద్దలూరు. ఊరంతటిలో, నగరమంతటిలో తనలా కూర్చోవడానికి చోటులేని పిల్లవాణ్ణి తీసుకొచ్చి పెళ్ళిపీటలమీద కూర్చోబెడతారు. పక్కన కూర్చునే ఆ గిద్దలూరి పిల్ల ఏ పాపం చేసింది? మొదటిరాత్రి తనలో ఏం లోపమో అని ఏడ్చేది ఆ పిల్ల. "గొడ్రాలు" అనిపించుకునేదీ ఆ పిల్లే. పబ్బు తలుపుకీ ఆ పిల్ల కన్నీళ్ళకీ సంబంధమేమిటంటారా? వెలుతురులో కూర్చోనివ్వకపోతే మనిషి చీకట్లో దాక్కుంటాడు. ఆ చీకటి మన ఆడపిల్లల కాపురాల్లోకే వస్తుంది.

"అమ్మకి నువ్వు చెప్పత్తా" అన్నాడు. ఇద్దరం కలిసి చెబుదామన్నాను. ఉగాదికి రమ్మన్నాడు. నవలల్లో ఎంతమంది చేత ఎన్ని నిజాలు చెప్పించానో! ఈ ఒక్క మాటకి మాత్రం ఇప్పట్నించే నోరు ఎండుకుపోతోంది.

తిరుగు ప్రయాణం రాత్రి వాడే దిగబెట్టడానికి వచ్చాడు. బస్సు అరగంట ఆలస్యమన్నారు. ఇద్దరం ఆ బల్లమీదే కూర్చున్నాం. టీకొట్టతను మళ్ళీ కుర్చీ ఎత్తుకొచ్చాడు. వద్దు నాయనా, రెండు టీలు పట్రా అన్నాను.