బిగించిన కేబులు, అరిగిన షూ

చిన్నకారు వెనుక బ్రేకులను ఇంటివద్దనే మార్చుకోవచ్చునా అంటే, ఓపికా తగిన పనిముట్లూ ఉన్నవారు నిస్సంశయంగా మార్చుకోవచ్చునని నా అభిప్రాయం. ఆ రెండూ లేనివారు సైతం ఒక్కసారైనా డ్రమ్ము విప్పించి లోపల ఏమున్నదో కళ్లారా చూడాలి. నాలుగు రూపాయలు మిగులుతాయని ఈ మాట అనడం లేదు. మన షెడ్డులలో ‘హ్యాండ్ బ్రేకు బాగుచేయడం’ అనే పేరిట జరుగుతున్నది చాలామట్టుకు బాగుచేయడం కాదు గనుక అంటున్నాను.

(బ్రేకును ‘గతిరోధకం’ అని వ్రాయడం నాకు చేతకాక కాదు. చివర ఉకారం చేర్చుకొని అజంతమైన ఆ మాట మన నుడిలో ఎప్పుడో ఇమిడిపోయింది. ఇమిడిన మాటను వెళ్లగొట్టడం భాషాసేవ అనిపించుకోదు.)

మన చిన్నకార్లలో అధికభాగానికి వెనుక చక్రాలకు ఉండేవి డ్రమ్ము బ్రేకులే. గుండ్రని ఇనుప డ్రమ్ము లోపల నెలవంకల వంటి షూలు రెండు ఉంటాయి. కాలితో తొక్కినప్పుడు బ్రేకు ఆయిలు ఒత్తిడికి వీల్ సిలిండరు వాటిని చెరొకవైపుకు నెట్టి డ్రమ్ముకు అదుముతుంది. హ్యాండ్ బ్రేకు లాగినప్పుడు అవే షూలను ఒక ఉక్కు కేబులు, చిన్న మీట కలిసి కదలిస్తాయి. షూ మీది లైనింగు అరిగేకొద్దీ దానికీ డ్రమ్ముకూ నడుమ ఎడం పెరుగుతుంది. ఆ ఎడాన్ని పూడ్చడానికి లోపలనే చేతితో తిప్పే పళ్లచక్రమో, తనంతట తాను సర్దుకొనే అమరికో ఉంటుంది.

ఇప్పుడు షెడ్డు సంగతి చూడండి. హ్యాండ్ బ్రేకు లివరు మరీ పైకి వస్తున్నదని బండి తీసుకువెళితే, లివరు దగ్గరి నట్టును నాలుగు చుట్లు బిగించి పది నిమిషాలలో పంపించివేస్తారు. లివరు కిందనే ఆగుతుంది. మనకు తృప్తి కలుగుతుంది. లైనింగు మాత్రం అరిగినది అరిగినట్లే ఉన్నది. పైగా కేబులు అతిగా బిగిసినప్పుడు లోపలి మీట తన మొదటి స్థానానికి తిరిగి రాలేదు. అది రాకపోతే అనేక బండ్లలో ఆ స్వయంసర్దుబాటు పని మానుకుంటుంది. రోగం లోపల, పట్టీ బయట. ముందు షూల ఎడం సరిచేసి, ఆ తరువాతనే కేబులు ముట్టుకోవాలి. ఈ వరుస తారుమారైతే చేసిన పని అంతా వృథా.

మా వీధి ఏటవాలుది. నిరుడు ఒక కారు, లోపల ఎవరూ లేకుండానే, వెనుకకు జారి ఎదురింటి ప్రహరీని తాకి ఆగింది. పిల్లలు బడికి వెళ్లిన వేళ గనుక గోడకే దెబ్బ తగిలింది. ఆ బండికి వారం రోజుల ముందే ‘హ్యాండ్ బ్రేకు బాగుచేశారు’. తరువాత డ్రమ్ము విప్పి చూస్తే ఒక వైపు వీల్ సిలిండరు నుంచి ఆయిలు కారి లైనింగు నిండా నానిపోయి ఉన్నది. ఎంత కేబులు బిగిస్తే ఆ షూ పట్టుకుంటుంది?

ఇంటివద్ద పనికి పూనుకొనేవారు ఒక విషయం మరువరాదు. వెనుక చక్రాలు పైకి లేచిన క్షణం నుంచి హ్యాండ్ బ్రేకు ఉండీ లేనట్లే. చదునైన నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రెండువైపులా అడ్డుదిమ్మెలు పెట్టి, గేరులో ఉంచి, అప్పుడు హ్యాండ్ బ్రేకు వదలాలి. అది వదలనిదే డ్రమ్ము ఊడదు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. బండి బరువు స్టాండ్ల మీద ఉండాలి. ఇటుకల మీద నిలిపేవారిని చూశాను, వారి ధైర్యానికి నమస్కారం.

రెండు చక్రాలనూ ఒకేసారి విప్పవద్దు. ఒక వైపు పని ముగిసేదాకా రెండవ వైపు కదలకుండా ఉంటే, ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉండాలో చూసుకోవడానికి అదే మాతృక. మేము వ్రాతప్రతులను పోల్చి చూసుకొన్నట్లే! అది కుడిఎడమలు తారుమారైన ప్రతి అనే జ్ఞాపకం మాత్రం ఉండాలి. షూలు మార్చితే రెండు వైపులా మార్చాలి, లేకుంటే బండి ఒక పక్కకు లాగుతుంది. డ్రమ్ములోని ధూళిని నోటితోగాని గాలిగొట్టంతోగాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడవాలి. డ్రమ్ము ఎంతవరకు అరగవచ్చునో ఆ హద్దు కొలత సాధారణంగా దాని మీదనే పోతపోసి ఉంటుంది. లైనింగు మీద గ్రీజు చెయ్యి పడనీయకండి.

ఇంటిపనికి హద్దులూ ఉన్నాయి. కొన్ని బండ్లలో డ్రమ్ము బేరింగుతో కలిసి ఉంటుంది. నడిమి పెద్ద నట్టును టార్కు రెంచితో పుస్తకం చెప్పిన బిగువుకే బిగించాలి. వీల్ సిలిండరు కారుతుంటే ఆయిలు గొట్టంలో గాలి తీసే పని వచ్చిపడుతుంది. అలవాటు లేనివారు అక్కడ ఆగాలి. కొత్త కార్లలో బొత్తాం నొక్కితే పడే ఎలక్ట్రిక్ పార్కింగు బ్రేకులను పాతవాటిలా బలవంతంగా వెనుకకు నెట్టరాదు. యంత్రంతో మోటారును వెనక్కి తిప్పించాలి.

మెకానిక్కులను నిందించడం నా ఉద్దేశం కాదు. గంటన్నర పనికి పది నిమిషాల కూలి ఇస్తూ, డ్రమ్ము ఎందుకు విప్పలేదని అడిగే హక్కు మనకు ఎక్కడిది? కనుక ఈసారి షెడ్డుకు వెళితే ‘నట్టు ముట్టుకోవద్దు నాయనా, డ్రమ్ము విప్పు, విప్పిన కూలి ఇస్తాను, లైనింగు నాకు చూపించు’ అని చెప్పండి. లైనింగు బాగుండి ఏమీ మార్చనక్కరలేకపోయినా ఆ కూలి ఇవ్వండి.