ఎన్‌ఎఫ్‌ఎల్‌ డ్రాఫ్ట్‌: ఖాళీ నింపాలా.. టాలెంట్‌ను పట్టాలా?

అమెరికన్‌ ఫుట్‌బాల్‌ లీగ్‌ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఐపీఎల్‌లా వేలం ఉండదు. ఏటా ఏప్రిల్‌లో 32 జట్లు వంతులవారీగా ఏడు రౌండ్లలో కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి. వంతు వచ్చిన ప్రతి జట్టుకూ ఒకటే ప్రశ్న.. ఖాళీ ఉన్న చోటికి సరిపోయేవాడా? లేక ఖాళీ లేకపోయినా అందరికంటే మెరుగైనవాడా?

2017లో కాన్సస్‌ సిటీ చీఫ్స్‌కు క్వార్టర్‌బ్యాక్‌గా అలెక్స్‌ స్మిత్‌ ఉన్నాడు. అంతకుముందు రెండేళ్లూ జట్టు ప్లేఆఫ్స్‌ ఆడింది. అయినా ట్రేడ్‌ చేసి మరీ 10వ పిక్‌తో పాట్రిక్‌ మహోమ్స్‌ను తీసుకుంది. మొదటి ఏడాది దాదాపు బెంచ్‌పైనే. ఆ తర్వాత ఏకంగా మూడు సూపర్‌ బౌల్స్‌!

అయితే ఈ లెక్కకు ఖరీదు కూడా ఉంది. 2020లో గ్రీన్‌ బే ప్యాకర్స్‌.. ఆరోన్‌ రోడ్జర్స్‌ ఉండగానే 26వ పిక్‌తో జోర్డాన్‌ లవ్‌ను ఎంచుకుంది. రోడ్జర్స్‌ పాస్‌లు అందుకునే రిసీవర్‌ను మాత్రం ఆ డ్రాఫ్ట్‌లో ఒక్కడినీ తీసుకోలేదు. ఆ సీజన్‌లో రోడ్జర్స్‌ ఎంవీపీ అయ్యాడు. కానీ సూపర్‌ బౌల్‌కు ఒక్క మెట్టు ముందు జట్టు టాంపా బే చేతిలో 31-26తో ఓడింది. లవ్‌ స్టార్టర్‌ అయింది 2023లో. అదే సీజన్‌లో జట్టును ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్లాడు.

మరి ఏది కరెక్ట్‌? ఖాళీని మార్చిలో ఫ్రీ ఏజెన్సీలోనూ నింపుకోవచ్చు. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడి కాంట్రాక్ట్‌ నాలుగేళ్లు. ఫస్ట్‌ రౌండ్‌ ఆటగాడైతే జట్టు కోరుకుంటే ఐదో ఏడాదీ ఉంటాడు. ఈ ఏడాది అవసరం వచ్చే ఏడాదికే మారిపోవచ్చు. అందుకే టాలెంట్‌ వైపే మొగ్గు. కాకపోతే ఆ ఎదురుచూపుల భారం మోసేది.. టైటిల్‌కు టైమ్‌ తక్కువ ఉన్న సీనియర్లే.