అది వాళ్ళ గొడవా?

మా అమ్మాయి బడిలో నల్లజాతి చరిత్ర గురించి ప్రాజెక్టు ఇచ్చినప్పుడు, "అది వాళ్ళ గొడవ, మనకెందుకమ్మా?" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చదువుతో, కష్టంతో ఇక్కడికి వచ్చామంటాం. నిజమే. కానీ తలుపు తీసిందెవరు? భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరసత్వానికి తగరని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే పౌరులైన మనవాళ్ళు కొందరు అదీ పోగొట్టుకున్నారు. పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే 1965లో కొత్త వలస చట్టం వచ్చి పాత దేశాలవారీ కోటాలను తీసేసింది. మనలో చాలామందిమి ఆ దారినే వచ్చాం.

నల్లవారి ఓటు హక్కు చట్టమూ ఆ ఏడాదిదే. నిజానికి ఆ ఓటు వాళ్ళకు 1870లోనే వచ్చింది. ఆ ఏడే మిసిసిపీ నుంచి హైరం రెవెల్స్ అనే నల్లజాతీయుడు సెనేటరయ్యాడు. 1890లో అదే మిసిసిపీ ఓటుకు పన్ను, చదువు పరీక్ష పెట్టి వాళ్ళను జాబితాల్లోంచి ఊడ్చేసింది. మళ్ళీ దక్కడానికి 75 ఏళ్ళు! ఓటు నియమాలు మార్చేముందు కొన్ని రాష్ట్రాలు కేంద్రం అనుమతి తీసుకోవాలన్న కట్టడి కూడా 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆగిపోయింది.

పౌరసత్వం వచ్చాక కూడా "ఓటుకు తీరికెక్కడండీ" అనేవాళ్ళు మన బడి పార్కింగులోనే కనిపిస్తారు. (నేనూ అన్నవాణ్ణే.)

వచ్చే ఏడు మన తరగతుల్లో, వీరేశలింగం గారి పాఠం పక్కనే, 1965లో సెల్మాలో ఓటు కోసం దెబ్బలు తిన్నవారి కథ తెలుగులో చెబుదాం. బొమ్మలు తను వేస్తానంది మా అమ్మాయి.