నెలోర్ మన ఒంగోలు పశువే

సంపాదకులకు,

గత సంచికలోని వ్యాసం బ్రెజిల్ ‘నెలోర్’ను ఒంగోలు పశువుతో సంబంధం లేని వేరే జాతిగా చెప్పింది. అది సరికాదు.

1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. అందుకే ఈ జాతికి బ్రెజిల్‌లో నెల్లూరు పేరు స్థిరపడింది. 1960ల ఆరంభంలో బ్రెజిల్ చేరిన ప్రసిద్ధ ఆబోతు ‘కర్వాది’ పేరు ఒంగోలు పక్కనున్న కరవది ఊరిదే. 2023లో వయాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ వేలంలో 40 లక్షల డాలర్లు దాటింది!

బ్రెజిల్‌లో ఈ జాతిని మాంసానికి పెంచుతారు; ఇక్కడ పాడికీ సేద్యానికీ పెంచారు. సేద్యం ట్రాక్టరుకు, పాడి గేదెకు పోయాక మన కొట్టాల్లో ఈ తెల్లావు అరుదైపోవడం బాధాకరం. ఈ జాతిని పెంచే చదలవాడ పశుక్షేత్రాన్ని బలోపేతం చేసి, మేలైన ఆబోతుల వీర్యం నెల్లూరు తీరపల్లెల పశువైద్యశాలలకు నిరాటంకంగా అందేలా ప్రభుత్వం చూడాలి.

– ఒక పాఠకుడు, కావలి